వెయ్యిన్నొకటో పేరు

పోయిన వారం పిట్టను ఖాళీ తెర ముందు వదిలి వచ్చాం. ఈ వారమే మనతో కలిసినవారికి నాలుగు మాటలు. అంబులెన్సు కంట్రోల్ రూముకు ఉన్న ఏకైక ప్రోగ్రామర్ పిట్ట. నలభై దాటినా ఇంట్లో పెట్టిన ఆ పేరు ఆమెను వదల్లేదు. అదే కంట్రోల్ రూములో ఫోన్లు ఎత్తే ఆమె వదిన మీద ఫిర్యాదు వచ్చింది. నాలుగు నెలల కిందట గుండె ఆగిన ఒక మనిషి కోసం అతని భార్య ఫోన్ చేస్తే, బండి చేరేదాకా లైన్లో ఉండి, ఛాతీ మీద ఎలా ఒత్తాలో లెక్కపెడుతూ చెప్పవలసిన మనిషి మధ్యలో మాయమైందన్నది ఆ ఫిర్యాదు. అతను దక్కలేదు. "నేను లైన్ వదల్లేదు" అని వదిన రాసిచ్చింది. ఎవరి మాట నిజమో చెప్పగలిగేది ఆ కాల్ రికార్డింగు ఒక్కటే. దాన్ని వినడానికి విచారణాధికారి ఈ రోజు నాలుగు గంటలకు వస్తున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు పిట్ట దాని పేరు కొట్టి వెతికింది. అటువంటిదేదీ లేదని తెర జవాబిచ్చింది.

ఇప్పుడు సమయం ఒకటీ ఇరవై.

వస్తువు పోయినప్పుడు మనిషి మొదట దొంగ కోసం చూస్తాడు. పిట్ట కూడా అదే చేసింది. రికార్డింగులు ఉండే చోటికి తాళాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. ఎన్నిసార్లు వేసినా ఒక్క వేలే మడత పడింది. అది తనది.

ఆమె కూర్చునేది పేరుకు గది. నిజానికి కాల్ హాలును గాజు పలకతో విడదీసి మిగిల్చిన ఇరుకు చోటు. ఏసీ నుంచి కారే నీటి కింద ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఉంటుంది. గాజుకు అవతల ఎనిమిది కుర్చీలు, ఎనిమిది హెడ్‌సెట్లు. పెదవులు కదలడం కనిపిస్తుంది, మాట వినిపించదు. మూడో కుర్చీ వదినది. ఫిర్యాదు వచ్చిన మరునాటి నుంచి దాంట్లో మరొకరు కూర్చుంటున్నారు. వదినను రిజిస్టర్ల బల్ల దగ్గరికి మార్చారు.

రికార్డింగులు ఈ భవనంలో లేవు. క్లౌడ్ అని పేరైతే పెట్టారు గాని, అవి ఉన్నది ఆకాశంలో కాదు. ఎక్కడో మరొకరి కట్టడంలో, మరొకరి యంత్రాలలో అద్దెకు తీసుకున్న జాగాలో ఉన్నాయి. ఆ జాగాను ఈ వృత్తివాళ్ళు బకెట్ అంటారు. దానితో పని చేయించుకోవడానికి ఒక లైబ్రరీ ఉంది. పుస్తకాలుండే చోటు కాదిది, ఎవరో ముందే రాసి ఉంచిన పనిముట్ల పెట్టె. ఈ ఫైలు పైకి పంపు, ఆ ఫైలు కిందికి దించు, లోపలున్న పేర్లు చదువు, ఇది తీసెయ్యి అని ఒక్కొక్క వాక్యంలో చెబితే చాలు, చేసుకొస్తుంది. నమ్మకమైన బంటు. చెప్పింది చేస్తుంది. చెప్పనిది చెయ్యదు. ఎందుకని అడగదు.

ఇరవై తొమ్మిది రోజుల కిందట పిట్ట ఆ బంటుకు ఒక పని అప్పగించింది. తొంభై రోజులు దాటిన రికార్డింగులు తీసెయ్యాలి, ఫిర్యాదుల్లో ఉన్నవి మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకోకూడని వాటి పేర్లు 'భద్రం' అన్న మరో బకెట్లో ఉంటాయి. ప్రోగ్రాము ముందు ఆ పేర్లన్నీ చదువుకుంటుంది, తరువాత అందులో లేని పాతవాటిని తుడిచేస్తుంది. నలభై పేర్లు పెట్టి పరీక్షించింది. నలభైకి నలభై క్షేమంగా మిగిలాయి. ఆ సాయంత్రం నిశ్చింతగా ఇంటికి వెళ్ళింది.

ఇప్పుడు ఆ ప్రోగ్రామునే తెరిచి, ఎవరో పరాయి మనిషి రాసినదాన్ని చదివినట్టు ఒక్కొక్క వాక్యం చదివింది. 'భద్రం'లోని పేర్లు చదవమన్న పదకొండో వాక్యం దగ్గర ఆగింది. లైబ్రరీ వెంట వచ్చిన వివరాల పుట తెరిచింది. అక్కడ రెండే వాక్యాలున్నాయి. ఒక్కసారి అడిగితే వెయ్యి పేర్ల వరకే ఇస్తుంది. ఇంకా ఉంటే, ఉన్నాయని జవాబు చివర ఒక గుర్తు పెడుతుంది, దాన్ని చూసి మళ్ళీ అడగాలి.

పిట్ట ఆ గుర్తును చూడలేదు. మళ్ళీ అడగలేదు.

'భద్రం'లో పదిహేను వందల పైచిలుకు పేర్లున్నాయి. ప్రోగ్రాము మొదటి వెయ్యి చదివి, లోకమంతా అంతే అనుకుంది. వెయ్యిన్నొకటో పేరు నుంచి ఉన్నవారెవరూ దాని లెక్కలో పుట్టనే లేదు. వారిలో తొంభై రోజులు దాటినవారు నాలుగు వందల పన్నెండు మంది. ప్రోగ్రాము పొరపడలేదు. పొరపడింది, చేతికి అందినదే ఉన్నదంతా అని నమ్మిన మనసు. ఇంతకాలం తన గురించి తను తెలుసుకున్నది కూడా మొదటి వెయ్యేనేమో అన్న ఆలోచన పిట్టను ఒక్క క్షణం తాకి పోయింది. ఆ తరువాత ఆలోచనలేవీ మిగల్లేదు.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. చేతిలో రెండు టీ గ్లాసులు.

"ఏమే పిట్టా, తిండీ తిప్పలూ లేవా ఇవాళ? మొహం చూడు, పిండేసిన బట్టలా ఉంది."

"తలుపెయ్యి వదినా."

"వేస్తాలే. ముందు ఇది తాగు."

"వెయ్యమంటున్నానా!"

వదిన గ్లాసులు బల్లమీద పెట్టి తలుపు వేసింది. పిట్ట ఆమె ముఖం చూడలేక, చీర అంచు చూస్తూ చెప్పింది.

"రికార్డింగ్ లేదు. ఎవరూ తియ్యలేదు. నేనే తీసేశాను, తెలియక. పోయిన నెల పాతవి తుడిపించానే, దాంట్లో పోయింది. నీదొక్కటే కాదు, నాలుగొందల పన్నెండు పోయాయి. నువ్వు తప్పు చెయ్యలేదని చెప్పగలిగేది అదొక్కటే. దాన్ని నా చేత్తో నేనే..."

మాట అక్కడ తెగింది. తిట్టు కోసం ఎదురు చూసింది. ఏడుపు వస్తే పట్టుకోవడానికి కుర్చీ కూడా వెనక్కి జరిపింది. రెండూ రాలేదు. నెత్తిమీది బరువు దించిన మనిషి విడిచే నిట్టూర్పు ఒకటి వినిపించింది.

"పోనీలేవే" అంది వదిన.

పిట్ట తలెత్తింది. కోపానికి సిద్ధపడి ఉంది గాని, ఈ ఊరటకు కాదు. ఆమెకు మొదటిసారి, తన తప్పు కంటే పెద్దదేదో ఈ గదిలో ఉన్నట్టు భయం వేసింది.

"పోనీలే ఏంటి వదినా? నాలుగింటికి ఆయన వస్తాడు. అది లేకపోతే ఆ భార్య చెప్పిందే ఖాయమవుతుంది. ఉద్యోగం పోతుంది నీకు."

"పోతే పోయింది. పదిహేనేళ్ళు జనం గోల విన్నాను, ఇక ఇంట్లో మీ అన్నయ్య గురక వింటా." నవ్వబోయింది. "అయినా ఏం బకెట్టే నీది? మా ఇంటి చెత్తబుట్టే నయం. పొరపాటున చెంచా పడేస్తే సాయంత్రం దాకా దాంట్లోనే ఉంటుంది. దీనికి ఆపాటి బుద్ధి కూడా లేదూ?"

పిట్ట చెయ్యి గాలిలో ఆగింది.

ఉంది. దీనికి ఆ బుద్ధి ఉంది. బకెట్ తెరిచిన మొదటి రోజే పాత ప్రతులు దాచే ఏర్పాటు పెట్టింది తనే. ఆ ఏర్పాటు ఉన్నప్పుడు, తీసెయ్యమంటే ఫైలు చెరిగిపోదు. దాని మీద 'తీసేశారు' అన్న గుర్తు ముసుగులా పడుతుంది, అడిగినవారికి లేదని జవాబు వస్తుంది. ముసుగు కింద అది ముప్ఫై రోజులు బతికే ఉంటుంది. ఆ తరువాత నిజంగా పోతుంది. ఈ రోజుకు ఇరవై తొమ్మిది.

"వదినా, ఉంది! ముసుగు తీస్తే చాలు, తిరిగొస్తుంది. రేపైతే చేసేదేం ఉండేది కాదు."

వదిన ముఖంలో నెత్తురు దిగిపోవడం పిట్ట చూడలేదు. అప్పటికే ఆమె తెర వైపు తిరిగిపోయింది.

"వద్దే."

"అరగంట. అంతే."

"వద్దంటున్నానే, వదిలెయ్! నీ తప్పు కాదు, యంత్రం తప్పని రాసివ్వు. యంత్రాన్ని ఎవరూ ఇంటికి పంపరు."

"నీదొక్కటే కాదు వదినా. ఇంకా నాలుగొందల పదకొండు మందివి ఉన్నాయి దాంట్లో. వాళ్ళకేం చెప్పను?"

వదిన గాజు పలక దగ్గరికి వెళ్ళి, తెరకు వీపు పెట్టి, తన మూడో కుర్చీని చూస్తూ నిలబడింది.

పిట్ట రాయడం మొదలుపెట్టింది. చిన్న ప్రోగ్రామే. ముసుగు పడిన వాటి పేర్లు చదువు, వాటిలో 'భద్రం'లో ఉన్నవాటికి ఏ గుర్తు నేను ఆ రోజు పెట్టించానో చూడు, ఆ గుర్తు తియ్యి. నెలల తరబడి కళ్ళు మూసుకుని రాసిన వాక్యాలివి. ఇప్పుడు ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగి చూసుకుంది. తియ్యి అన్న మాట ముసుగుకు కాక దాని కింది ఫైలుకు తగిలిందా, ఈసారి ముప్ఫై రోజులు కాదు కదా ముప్ఫై క్షణాల గడువు కూడా ఉండదు. రాసింది మూడుసార్లు చదివింది. ఒక్క పేరు మీద నడిపి చూసింది. ఎవరిదో పాత రికార్డింగు తిరిగొచ్చింది. మిగిలినవాటి మీద నడిపింది. ఈసారి వెయ్యి దగ్గర ఆగలేదు. ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయంది. మళ్ళీ అడిగింది. లేవు అన్న జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంది.

తెరమీద పేర్లు ఒకదాని కింద ఒకటి దిగసాగాయి. ప్రతి పేరూ ఒక తేదీ, ఒక గంట, ఎవరి బతుకులోనో అన్నిటికంటే చెడ్డ గంట. చివరి వరుస కింద అంకె వచ్చి నిలిచింది. నాలుగు వందల పన్నెండు.

మూడూ పది. మూడు వందల తొంభయ్యో వరుసలో వదినది ఉంది.

పిట్ట హెడ్‌సెట్ అందుకుంది.

"వినకే" అంది వదిన, వెనక్కి తిరగకుండానే. "ఏం జరిగిందో నేను చెబుతా, నా నోటితో విను. దాన్ని వినకు."

పిట్ట అప్పటికే హెడ్‌సెట్ పెట్టుకుంది.

ముందు ఒక ఆడగొంతు, ఆయాసంతో, ఒక్క ఊపిరిలో చిరునామా చెప్పింది. తరువాత వదిన గొంతు. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు అది, నిదానంగా, లోతుగా ఉంది. "బండి బయలుదేరిందమ్మా. నేను మీతోనే ఉన్నాను. రెండు చేతులూ ఛాతీ మధ్యలో పెట్టండి. గట్టిగా ఒత్తండి. నాతోపాటు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు..." పిట్ట కళ్ళు చెమర్చాయి. చూశావా, మా వదిన ఇటువంటిది అని ఎవరితోనో అనాలనిపించింది.

ఇరవై ఏడు దగ్గర ఏదో గర్రుమంది. బల్లమీద మొబైలు అదురుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆగింది. మళ్ళీ.

"అలాగే ఒత్తుతూ ఉండండమ్మా. ఒక్క క్షణం లైన్లో ఉండండి."

టక్కున మీట నొక్కిన చప్పుడు. కాల్‌ను ఆపిపెట్టినా రికార్డింగు ఆగదు. ఇటు మాటా అటు మాటా రెండూ ఎక్కుతాయి. అలా ఎక్కేటట్టు అమర్చింది పిట్టే.

"చెప్పవే పిట్టా. లేదే, పనిలో ఉన్నా. ఊ, త్వరగా చెప్పు."

పిట్ట హెడ్‌సెట్‌ను చెవులకు అదుముకుంది.

"ఆకుపచ్చ గుర్తా? లేదు, రాలేదు. ఎర్రదే ఉంది. మళ్ళీ నొక్కనా? ఉండు..."

ఆ మాటల కింద, దూరం నుంచి: "హలో? అమ్మా? ఎంతసేపు ఒత్తాలి? నా చేతులు... హలో, ఉన్నారా?"

ఆ మధ్యాహ్నం పిట్టకు గుర్తొచ్చింది. గుర్తు రావడానికి మరిచిపోతే కదా. భవనంలోని పాత యంత్రం నుంచి రికార్డింగులను మొదటిసారి క్లౌడ్‌కు పంపిన రోజు అది. ఎనిమిదిసార్లు తప్పింది. పైకి చేరిందో లేదో చెప్పే గుర్తు ఆపరేటర్ల తెరమీదే కనిపిస్తుంది. హాల్లోకి నడిచి వెళ్ళే ఓపిక లేక, ఎనిమిది మందిలో తన మనిషి ఒకరున్నారన్న ధీమాతో వదిన మొబైలుకు చేసింది. హాల్లో మొబైల్ ఎత్తకూడదు. వదినకు అది తెలుసు, పిట్టకూ తెలుసు. ఎత్తకపోతే మళ్ళీ చేసింది. తొమ్మిదోసారి ఆకుపచ్చ గుర్తు వచ్చినప్పుడు ఇక్కడ, ఈ కుర్చీలోనే, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంతటి మంచి మధ్యాహ్నం మరొకటి లేదని నాలుగు నెలలుగా అనుకుంటూనే ఉంది. గొంతులు పోకుండా దాచే పని కోసం, ఒక గొంతు అవసరమైన చోట లేకుండా చేసింది.

రెండో నిమిషం దగ్గర ఆపేసింది. ఇంకా మూడు నిమిషాలున్నట్టు తెర చూపిస్తోంది. వినే ధైర్యం లేదు.

"నీకు తెలుసు" అంది.

"తెలియకేం?"

"మరి లైన్ వదల్లేదని రాసిచ్చావ్."

"వదల్లేదుగా. ఆపిపెట్టాను." తన మాట తనకే రుచించక వదిన కళ్ళు దించుకుంది.

"ఎందుకు ఎత్తావ్ వదినా?"

"మూడుసార్లు చేశావే నువ్వు. ఇంట్లో ఎవరికేమైందోనని ఎత్తాను. అర నిమిషం అనుకున్నా. నువ్వేమో ఇది చూడు, అది నొక్కు అంటూ... ఆ గుర్తు వచ్చినప్పుడు నీ గొంతు ఎలా ఉందో తెలుసా? నువ్వు కాపురం వదిలేసి మా ఇంటికొచ్చిన తరువాత, అంత సంతోషంగా మాట్లాడగా వినడం అదే మొదటిసారి. పెట్టెయ్యవే అనలేకపోయానే. అన్నా బాగుండేది."

"కాల్లో ఉన్నానని ఒక్క మాట చెప్పాల్సింది."

"చెప్పాను. పనిలో ఉన్నానన్నాను. నువ్వు వినలేదు."

ఏసీ నీరు డబ్బాలోకి చుక్క చుక్కగా పడుతోంది. వదిన దగ్గరికి వచ్చి, కుర్చీ వీపు పట్టుకుని, గొంతు తగ్గించింది.

"చూడు. నా తప్పు నాది. దానికి ఎంత శిక్ష వేసినా పడతా. కాని ఇది వింటే ఆయన మొదట అడిగేది, ఫోన్ చేసింది ఎవరూ అని. నీ పేరు నా నోటితోనే ఉంది దాంట్లో. ఇద్దరం వీధిన పడితే ఆ చచ్చిపోయినాయన లేచొస్తాడా? మిగతావన్నీ తెచ్చావుగా, ఇదొక్కటి దొరకలేదని చెప్పు. ఎవరు కాదంటారు? నాలుగొందల పన్నెండులో ఒక్కటే."

తప్పు తెలియక చేసినప్పుడు మనిషి అమాయకుడు, తెలిశాక చేస్తే నేరస్థుడు అని ఇంతకాలం పిట్ట తేలిగ్గా అనుకుంటూ వచ్చింది. ఆ రెంటి మధ్యా ఇంత వెడల్పైన చోటు ఉంటుందని, అక్కడ మనిషి ఏమీ కాకుండా నిలబడి ఉండగలడని తెలియదు. ఎంతసేపు అలా ఉందో కూడా తెలియదు. తెర వైపు చూసేసరికి ఒక కొత్త వాక్యం రాసి ఉంది. తీసెయ్యి. పక్కన ఆ రికార్డింగు పేరు. దాని పక్కన, దాచిన పాత ప్రతులలో ఇది ఎన్నోదో చెప్పే సంఖ్య. ఆ సంఖ్య రాసి తీస్తే ముసుగులుండవు, ముప్ఫై రోజులుండవు, ఇక అది ఎన్నడూ లేనట్టే. రాసింది తన వేళ్ళే. మీట నొక్కడం ఒక్కటే మిగిలి ఉంది.

విచారణాధికారి అంటే భయం, ఉద్యోగం పోతుందన్న భయం, అన్నీ ఒక్కసారిగా చిన్నవైపోయాయి. పిట్టకు తన చేతులంటే భయం వేసింది.

తలుపు మీద వేళ్ళతో మెల్లగా తట్టిన చప్పుడు.

నాలుగుకు ఇంకా పది నిమిషాలుంది. జవాబు కోసం ఆగకుండా విచారణాధికారి లోపలికి వచ్చారు. బట్టతల, పలుచని మనిషి, గొంతు పెంచవలసిన అవసరం ఎన్నడూ పడనివారి మెత్తదనం.

"ముందే వచ్చాను, ఏమనుకోకండి. ఆ రోజు ఫోన్ చేసిన ఈవిడ కూడా వస్తానంటే తీసుకొచ్చాను. ఆమె హక్కే కదా."

ఆయన వెనక గడపకు అవతల ఒక స్త్రీ నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియనట్టు కాళ్ళ వైపు చూసుకుని, తరువాత తలెత్తింది. ఆమె గొంతు పిట్ట చెవుల్లో ఇంకా ఆరలేదు. మనిషిని చూడటం ఇదే మొదలు.

"దొరికిందామ్మా?" అని ఆమే అడిగింది. "కేసు కోసం కాదు. ఆ కేసు మా మరిది పెట్టాడు. ఆయన... నేను ఒత్తుతుంటే ఒకసారి కళ్ళు తెరిచి, పోయే ముందు ఏదో అన్నారు. నేను ఫోన్లో హలో హలో అని అరుస్తూ వినిపించుకోలేదు. నాలుగు నెలలైంది, ఏమన్నారో అని ఒకటే ఆలోచన. మీ దాంట్లో పడి ఉంటుంది కదా? అది ఒక్కసారి వినిపిస్తే చాలు. మిమ్మల్ని ఎవర్నీ ఏమీ అనను."

వినని మూడు నిమిషాలు, వాటి కింద మీట నొక్కని 'తీసెయ్యి' వాక్యం, తెరమీద అలాగే ఉన్నాయి.

పిట్ట నోరు తెరిచింది. ఆమె కంటే ముందు వదిన గొంతు పలికింది. నిదానమైన, లోతైన గొంతు, ఇరవై ఏడు దాకా లెక్కపెట్టిన గొంతు.

"లేదమ్మా. అది పోయింది."

గడప అవతలి ముఖం చెదరలేదు. కాస్త వంగిపోయింది, అంతే. విచారణాధికారి ఆమె వైపు చూశారు, వదిన వైపు చూశారు. తరువాత జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, "ఏదీ, ఎక్కడిదాకా వెతికారో చూడనివ్వండి" అంటూ పిట్ట భుజం మీదుగా తెర వైపు వంగారు.